విల్మా రుడాల్ఫ్ విశ్వాసం, మన పిల్లల మోకాళ్లు

(ఉదయగిరి, ఆత్మకూరు వైపు వాడల్లో జరిగిన కూటాల్లో ఒక ఉపాధ్యాయ కార్యకర్త మాట్లాడిన మాటల పాఠం)



ఆటల గురించి మాట్లాడమన్నారు, విశ్వాసం గురించీ మాట్లాడమన్నారు. ఈ రెండూ కలిపి మాట్లాడితే కోప్పడేవాళ్లు రెండు వైపులా ఉండారు. దేవుడి ఊసు ఎత్తితే ఉద్యమం పలచబడుతుందని మన సంఘంలో కొందరి భయం. ఆటలంటే లోకసంబంధమని కొందరు పాస్టరయ్యల మాట. మేము ఈ రెండు కోపాలకీ సిద్ధపడే వచ్చినాం. ఎందుకంటే మన వాడలో ఆడపిల్ల కబడ్డీలో పడి మోకాలు పట్టుకొని కూలబడితే, మొదట వచ్చేది డాక్టరు కాదు, అంబులెన్సూ కాదు, ప్రార్థన. వద్దనడం లేదు. ఆ ప్రార్థన ఆ పిల్లను ఆస్పత్రి బస్సు ఎక్కిస్తుందా, చాప మీద పడుకోబెడుతుందా? ఈ పొద్దు మన ముందున్న మాట అది.

దీనికోసం మేము ఎత్తుకొచ్చిన కథ దూరదేశానిది. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి పిల్ల, విల్మా రుడాల్ఫ్ కథ. పోలియోతో కాలు పడిపోయిన పిల్ల, ఇరవై ఏళ్లకు లోకంలోకెల్లా వేగంగా పరిగెత్తిన ఆడమనిషి అయింది. బాప్టిస్టు ఇంటి బిడ్డ. యాభై నాలుగేళ్లకే క్యాన్సరుతో పోయింది.

మన తెలుగు నేల మీద క్రైస్తవ ఆటగాళ్లు లేరా, అంత దూరం ఎందుకు పోయినారయ్యా అని మీరు అడుగుతారు. ఉండారు. పరుగులో, కబడ్డీలో, వాలీబాల్లో మన వాడ పిల్లలు ఎంతమందో. అయితే వాళ్ల విశ్వాసం కాయితం మీద ఉండదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడని రాసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని అందులో చేర్చినారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని బయటే నిలబెట్టినారు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలకు బీసీ-సి అని ఒక్క శాతం పడేసినారు. 2025లో ఒక పాస్టరు కేసులో, మతం మారినోడికి ఎస్సీ హోదా లేదు, అట్రాసిటీ చట్టం అండ కూడా లేదు అని మన హైకోర్టు చెప్పింది. ఇక మన పిల్ల పతకం పట్టుకొని మైకు ముందు నిలబడి యేసయ్యకు స్తోత్రం అన్నదనుకోండి. ఆ మాట పట్టుకొని కులం సర్టిఫికెట్టు మీద అర్జీ పెట్టేవాడు ఒకడు లేస్తాడు. హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు, రేపటి ఉద్యోగం, అన్నీ ఆ అర్జీకి వేలాడతాయి. అందుకని బతికున్న మన ఆటగాళ్ల మతం గురించి పేర్లు పెట్టి మేము వేదికల మీద మాట్లాడం. మీరూ మాట్లాడొద్దు. దీన్ని పిరికితనం అనేవాళ్లు ముందు ఆ ఉత్తర్వు మార్పించి, ఆ తర్వాత మాట్లాడాలి.

విల్మాకు విశ్వాసం దాచుకునే పని పడలేదు. ఆమె దాచుకోలేనిది ఒంటి రంగు.

ఆమె చర్చి మనకు మరీ కొత్తదేమీ కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో దిగింది. తర్వాత మన ఉదయగిరిలోనూ, ఆత్మకూరులోనూ స్టేషన్లు పెట్టింది. 1876-78 కరువులో మన మాదిగ తాతలు బకింగ్‌హాం కాలువ తవ్వి కడుపు నింపుకున్నారు. ఆ పని కాంట్రాక్టు పట్టింది ఒంగోలు మిషనరీ క్లౌ దొర. కరువు తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటి కోసం మారినారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కూలి పని సాగినన్నాళ్లూ ఆ దొర బాప్తిస్మాలు ఆపి పెట్టినాడన్న మాట మాత్రం చెప్పరు. సరే, అది వేరే కూటంలో మాట్లాడుకోవాల్సిన కథ. మనకు ఇప్పుడు కావాల్సింది ఆ ఏడాది, 1876. సరిగ్గా ఆ ఏడే అమెరికాలో నాష్‌విల్ అనే పట్నంలో మెహారీ అని ఒక వైద్య కళాశాల మొదలయింది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లకు వాళ్లలోంచే డాక్టర్లు రావాలని మెథడిస్టు సంఘం వాళ్లు పెట్టినారు. ఈ మెహారీ పేరు గుర్తుంచుకోండి. విల్మా కాలు బాగుపడింది ఆడనే.

ఇంకో మాట. 1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలిపోయినారు. ఎందుకు? బానిసల్ని కొని పెట్టుకున్నవాడు మిషనరీ కావొచ్చా అని. కావొచ్చు అన్నారు దక్షిణాది తెల్లవాళ్లు. విల్మా పుట్టింది ఆ దక్షిణాదిలో. ఒకే బైబిలు, ఒకే బాప్తిస్మం, తెల్లవాళ్ల చర్చి వేరు, నల్లవాళ్ల చర్చి వేరు. మనం నవ్వుకోబల్లేదు. మాల చర్చి, మాదిగ చర్చి అని మనం మాత్రం వేరు వేరు గంటలు కొట్టుకోవడం లేదా?

విల్మా 1940 జూన్ 23న పుట్టింది. క్లార్క్స్‌విల్ అనే ఊరి పక్కన చిన్న పల్లె, పేరు సెయింట్ బెత్లెహేం. నెలలు నిండని కాన్పు, బిడ్డ బరువు రెండు కిలోలు. తండ్రికి రెండు పెళ్లిళ్ల మీద 22 మంది పిల్లలు, ఈమె ఇరవయ్యోది. ఆయన రైల్వేలో పోర్టరు, తల్లి బ్లాంచి తెల్లవాళ్ల ఇళ్లల్లో పనిమనిషి. ఊళ్లో ఆస్పత్రి తెల్లవాళ్లకు. నల్లవాళ్లకంతా కలిపి ఒక్క నల్ల డాక్టరు. బిడ్డకు న్యుమోనియా వచ్చింది, స్కార్లెట్ జ్వరం వచ్చింది, ఆఖర్న పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. పోలియో టీకా అప్పటికి లేదు. అది 1955లో గానీ రాలేదు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011లో, అప్పటి దాకా మన వాడల్లో ఎన్ని కాళ్లు పడిపోయినాయో ఇక్కడ కూర్చున్న పెద్దోళ్లకు తెలుసు.

క్లార్క్స్‌విల్ నుంచి మెహారీ ఆస్పత్రికి ఎనభై కిలోమీటర్లు. బ్లాంచమ్మ బిడ్డను చంకనెత్తుకొని బస్సులో వెనక సీట్లో కూర్చునేది. వెనక సీటే, నల్లవాళ్లకు ముందు సీటు లేదు. వారం వారం, ఏళ్ల తరబడి ఆ ప్రయాణం. పోయిన రోజు కూలి పోయినట్టే. ఆస్పత్రిలో కాలికి వేడి కాపడం పెట్టేవాళ్లు, మర్దనా చేసేవాళ్లు. వారానికి ఒక్కరోజు మర్దనాతో కాలు లేవదని తల్లికి అర్థమయింది. అందుకని కాలు ఎట్టా పిసకాలో ఆ డాక్టర్ల దగ్గర నేర్చుకుంది. ఇంటికొచ్చి పెద్ద పిల్లలకు నేర్పింది. రోజుకు నాలుగుసార్లు. తల్లి పనికి పోతే అక్క, అక్క బడికి పోతే అన్న. ఇంత మంది పిల్లలేంది అని మనం నోరు నొక్కుకుంటాం గానీ, ఆ ఇంట్లో ఒక్క కాలికి అన్ని చేతులు ఉండబట్టే ఆ కాలు లేచింది.

మార్కు సువార్త రెండో అధ్యాయం మీరు విన్నారు గదా. పక్షవాయువు వచ్చినోణ్ణి నలుగురు మోసుకొస్తారు. జనం తోపులాటలో లోపలికి దారి దొరకదు. ఇంటి కప్పు విప్పి, మంచాన్నట్టే కిందికి దించుతారు. అప్పుడు యేసు చూసింది ఎవరి విశ్వాసం? మంచాన పడ్డోడిది అని రాయలేదు, మోసుకొచ్చినోళ్లది అని రాసుండాది. చదువుకున్నోళ్లు ఇంటికి పోయి తీసి చూడండి. ఆ నలుగురి విశ్వాసం భుజాల మీద కాయలు కాసిన విశ్వాసం. బ్లాంచమ్మ విశ్వాసమూ అట్టాంటిదే. బస్సు టిక్కెట్టుకు డబ్బులు కూడబెట్టిన విశ్వాసం అది.

మేము ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నామంటే, విల్మా కథను తలకిందులు చేసి చెప్పేవాళ్లు ఉండారు. ఈ పిల్ల నడవదని డాక్టర్లు అన్నారంట, నడుస్తుందని తల్లి అన్నదంట, తాను తల్లి మాటే నమ్మినానని విల్మా తర్వాత చెప్పుకుంది. ఆ ఒక్క ముక్క పట్టుకొని, చూసినారా, డాక్టర్లు ఓడిపోయినారు, ప్రార్థన గెలిచింది అని కూటాల్లో కేకలు పెడతారు. అయ్యా, నడుస్తుందన్న ఆ తల్లే బిడ్డను మళ్లీ ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు చెప్పిన జోస్యం నమ్మలేదు, డాక్టరు నేర్పిన మర్దనా నమ్మింది. ఈ తేడా తెలియకనే మన వాడల్లో పిల్లల కాళ్లు పాడైపోతున్నాయి.

కాలికి ఇనప కట్టు వేసినారు. మన దగ్గర పోలియో పిల్లలు వేసుకున్న క్యాలిపర్ లాంటిదే. తోటి పిల్లలు బడికి పోతుంటే ఈ పిల్ల చాలాకాలం ఇంట్లోనే. తొమ్మిదేళ్లు దాటినాక ఒక ఆదివారం ఆ కట్టు తీసేసి చర్చికి నడిచిపోయింది. ఎందుకు చర్చి? బడికో అంగడికో పోవచ్చు గదా? వాడంతా ఒక్కచోట చేరేది ఆడనే గనక. కుంటి పిల్ల అని ఇన్నాళ్లు చూసిన కళ్లన్నీ ఒకేసారి చూడాలి. ఆ రోజు నుంచి జనం తనని వేరేగా చూడడం మొదలుపెట్టారని ఆమె తన పుస్తకంలో రాసుకుంది. మన చర్చిల్లో కూడా ఆదివారం అందరి కళ్లూ ఉంటాయి. ఎవరి పిల్ల ఏ చీర కట్టింది, ఎవరింట్లో ఎవరితో మాట్లాడింది అని చూసే ఆ కళ్లే, ఒక పిల్ల లేచి నిలబడ్డాన్ని కూడా చూడగలవు. అయితే ఆ ఆదివారంతో కట్టు పూర్తిగా పోలేదు. ఇంకో రెండు మూడేళ్లు అప్పుడప్పుడు వేసుకుంటూనే ఉండింది. పన్నెండేళ్లప్పుడు ఇక అక్కర్లేదని తేలినాక తల్లి ఆ కట్టును పొట్లం కట్టి నాష్‌విల్ ఆస్పత్రికే తిప్పి పంపింది. ఇంకో పిల్లకు పనికొస్తుందని అనుకుందేమో.

ఆ తర్వాత కథ పరుగు లాగానే వేగంగా పోయింది. బళ్లో బాస్కెట్‌బాల్ ఆడింది. టెన్నెసీ స్టేట్ అనే నల్లవాళ్ల యూనివర్సిటీ కోచ్ ఎడ్ టెంపుల్ కంట పడింది. పదహారేళ్లకు, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రిలేలో కంచు పతకం.

1958 దగ్గర కొంచెం ఆగుదాం. ఆ ఏడు ఆమె ఇంకా హైస్కూల్లోనే ఉండింది, పెళ్లి కాలేదు, కూతురు పుట్టింది. మన వాడలో అయితే ఆ పిల్ల ఆట ఆ రోజుతో సరి, చదువూ సరి. సంఘం నుంచి వెలివేసే పెద్దలు కొందరు, ఎవడో ఒకడికి కట్టబెట్టే పెద్దలు కొందరు. ఆమె కోచ్‌కి కూడా బిడ్డ తల్లుల్ని జట్టులో తీసుకోకూడదని ఒక నియమం ఉండింది. ఈమె కోసం ఆ నియమం పక్కన పెట్టినాడు. ఇంటివాళ్లు బిడ్డను సాకినారు, తల్లి కాలేజీకి పోయింది. నాలుగుసార్లు కాలు పిసికిన ఇల్లు అది, రెండోసారి కూడా పిల్లను వదిలెయ్యలేదు. రోము పతకాల గురించి చెప్పేవాళ్లు ఈ ముక్క దాటేస్తారు. ఆడపిల్లలు ఇంతమంది ఉన్న కూటంలో మేము దాటెయ్యదలుచుకోలేదు.

1960 రోము ఒలింపిక్స్. పోటీకి ముందు రోజు ప్రాక్టీసు మైదానంలో గుంటలో కాలు పడి మడమ బెణికింది, వాచింది. కట్టు కట్టించుకొని మర్నాడు దిగింది. 100 మీటర్లు 11.0 సెకన్లు, 200 మీటర్లు 24.0 సెకన్లు, రెండూ బంగారమే. రిలేలో కర్ర అందుకునేటప్పుడు తడబడి వెనకబడింది, అయినా అందరినీ దాటింది. మూడు బంగారు పతకాలు. ఒకే ఒలింపిక్స్‌లో పరుగుల్లో మూడు బంగారాలు తెచ్చిన తొలి అమెరికా ఆడమనిషి ఆమే.

పతకాలకన్నా ఆమె ఊళ్లో జరిగింది మనకు ముఖ్యం. క్లార్క్స్‌విల్ తెల్లదొరలు ఊరేగింపు చేస్తామన్నారు. ఆ రాష్ట్రం గవర్నరు నల్లవాళ్లు వేరు, తెల్లవాళ్లు వేరు అనే పద్ధతి మీద ఓట్లు అడిగి గెలిచినోడు. తెల్లవాళ్లు ఒకపక్క, నల్లవాళ్లు ఒకపక్క నిలబడే సన్మానమైతే నేను రాను అన్నది విల్మా. ఇరవై ఏళ్ల పిల్ల. 1960 అక్టోబరులో ఆ ఊరేగింపు, ఆ తర్వాత భోజనం, రెండూ కలిపే జరిగినాయి. ఆ ఊరి చరిత్రలో రెండు రంగుల మనుషులు ఒకే పంక్తిలో కూర్చున్న తొలి కార్యం అదే. ఊళ్లో రెండు గ్లాసులు పెట్టుకొని, మన పిల్ల పతకం తెచ్చినప్పుడు మాత్రం గ్రామ సచివాలయం ముందు శాలువా కప్పి ఫొటో దిగే పెద్దోళ్లను మనం చూస్తానే ఉండాం. శాలువా కప్పే ముందు గ్లాసులు ఒకటి చెయ్యండి అని అడిగే నోరు మన పిల్లలకు కావాలి. విల్మా అక్కడితో ఆగలేదు. 1963లో అదే ఊళ్లో నల్లవాళ్లను రానివ్వని హోటలు ముందు నిరసనలో తనూ నిలబడింది.

1962లో పోటీలు మానుకుంది. పరుగు ఆమెకు డబ్బు తెచ్చిపెట్టలేదు, ఆ రోజుల్లో పరిగెత్తేవాళ్లకు డబ్బు తీసుకునే హక్కు కూడా లేదు. తన ఊళ్లోనే చిన్నపిల్లల బళ్లో టీచరమ్మగా చేరింది. మాలాంటి బడిపంతులే. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనుషులం మేము, ఆ మాట చదివినప్పుడు మాకు కలిగిన సంతోషం చెప్పుకుంటే ఏం తప్పు? తర్వాత 1981లో పేదపిల్లలకు ఆట నేర్పేందుకు తన పేరు మీద ఒక సంస్థ పెట్టింది.

ఇక ఆఖరి జబ్బు. 1994లో ఆమెకు మెదడులో క్యాన్సరు అని తేలింది, గొంతులోనూ ఉంది. అదే ఏడు తల్లి బ్లాంచమ్మ కూడా పోయింది. నవంబరు 12న విల్మా చనిపోయింది. ప్రార్థించే ఇల్లు కాదా అది? ప్రార్థించే చర్చి కాదా? పోలియో అప్పుడు ఉన్న విశ్వాసం క్యాన్సరు అప్పుడు తగ్గిపోయిందా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా స్వస్థత కూటాలు పెట్టేవాళ్లను మేము నిలదీస్తాం. జబ్బు నయమైతే విశ్వాసం గొప్పది, నయం కాకపోతే నీ విశ్వాసం చాల్లేదు, నీ ఇంట్లో పాపం ఉంది. ఈ లెక్కలో చెప్పేవాడు ఎప్పుడూ ఓడిపోడు, ఓడిపోయేది మంచాన ఉన్న మనిషే. పూర్వజన్మ పాపం అని మన తాతల్ని వెయ్యేళ్లు ఊరి బయట పెట్టినవాళ్ల లెక్క కూడా ఇదే. ఆ కర్మ లెక్క కాదనే మన తాతలు గుండ్లకమ్మలో మునిగినారు. మళ్లీ అదే లెక్కను బైబిలు అట్ట వేసి మనకు అమ్ముతుంటే కొనుక్కోవాలా? యోహాను తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, ఎవరి పాపం ఇది, వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని శిష్యులు అడుగుతారు. ఎవరిదీ కాదు అంటాడాయన. పౌలు తన ఒంట్లో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు. ఆ ముల్లుతోనే ఊళ్లు తిరిగినాడు. పౌలుకు విశ్వాసం చాల్లేదని ఏ స్వస్థత కూటంలోనైనా అంటారా?

మా దగ్గర చదివిన పిల్ల ఒకతె తొమ్మిదో తరగతిలో మండలం ఆటల్లో కబడ్డీ ఆడుతూ పడింది. కూతకు పోయి వెనక్కి తిరిగేటప్పుడు మోకాల్లో టప్పున చప్పుడు అయింది, సాయంత్రానికి వాచింది. ఇంటికి తీసుకుపోయినారు. ఒక సువార్తికుడు వచ్చి నూనె రాసి, ఈ నిక్కర్లేసుకొని ఆడే ఆటలు దేవుడికి ఇష్టం లేదు అని చెప్పి పోయినాడు. మూడు వారాలు ఉపవాస ప్రార్థన. వాపు తగ్గింది, సాక్ష్యం చెప్పించినారు. రెండు నెలలకు మళ్లీ ఆడబోయి మళ్లీ పడింది. ఇప్పుడు ఆ పిల్ల మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటుంది. ఆ తల్లిదండ్రుల్ని మేము తప్పు పట్టం. వాళ్లకు ఆ నూనె సీసా తప్ప ఇంకేం అందుబాటులో ఉండింది? ఆ పిల్లను ఆటలకు తీసుకుపోయిన బడి ఒక రిక్షా డబ్బులు కూడా ఇవ్వలేదు.

ఆ టప్పుమన్న చప్పుడు ఏమిటో అందరూ తెలుసుకోవాలి. మోకాల్లో తొడ ఎముకనీ, పిక్క ఎముకనీ కట్టి పట్టుకునే నారలు ఉంటాయి, లిగమెంట్లు అంటారు. ఉరికేవాళ్లు ఉన్నట్టుండి మళ్లినప్పుడు లోపలి నార తెగుతుంది. చప్పుడు, కొన్ని గంటల్లోనే వాపు, తర్వాత నడుస్తుంటే మోకాలు జారిపోయినట్టు అనిపించడం, ఇవీ గుర్తులు. ఎముక విరిగితే మనవాళ్లు పుత్తూరు కట్టుకు పోతారు, మంచిదే, ఎందరికో బాగయింది. అయితే ఇది ఎముక కాదు, నార. కట్టు కడితే అతుక్కునేది కాదు. వాపు తగ్గడం వేరు, నయం కావడం వేరు. వాపు దానంతట అదే తగ్గుతుంది, లోపల నార తెగే ఉంటుంది. ఎముకల డాక్టరు చూసి, స్కానింగు తీయించి, ఆపరేషను కావాలా, వ్యాయామంతో సరిపోతుందా అని చెప్పాలి. ఆపరేషను చేసినా చెయ్యకున్నా తొడ కండ చిక్కిపోకుండా రోజూ బిగించి వదలడం, కాలు చాపి ఎత్తడం, నెలల తరబడి చెయ్యాలి. మళ్లీ ఆటకు దిగడానికి ముప్పాతిక ఏడాది, ఏడాది పడుతుంది. అంటే మళ్లీ అదే. బ్లాంచమ్మ పని. ఒక పూట ప్రార్థన, ఏడాది మర్దనా.

ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాస్పత్రికి దగ్గర దగ్గర నూరు కిలోమీటర్లు. బ్లాంచమ్మ ఎక్కిన బస్సుకన్నా ఎక్కువ దూరం. ఆత్మకూరు వాళ్లకు కొంచెం నయం. అదీ కాకుంటే తిరుపతి, లేకుంటే వేలూరు. తిరుపతిలో దేవస్థానం వాళ్ల బర్డ్ ఆస్పత్రి పోలియో కాళ్లకు ఆపరేషన్లు చేసింది. కొండకింద వెంకన్న ఆస్పత్రిలో కాలు బాగుచేయించుకొని వచ్చి ఆదివారం చర్చికి నడిస్తే యేసయ్య కోప్పడ్డాడా? వెంకన్న కోప్పడ్డాడా? ఎవరూ కోప్పడలేదు. కోపమంతా మధ్యలో మనుషులదే.

మన తెలుగు నేల మీద నిన్నమొన్న జరిగింది కూడా ఒకటి చెప్పాలి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అనే ఊరి కూలివాళ్ల బిడ్డ దీప్తి జీవాంజి. ఎదుగుదలలో లోపంతో పుట్టింది. పిచ్చిది అన్నారు, ఇంకా ఘోరమైన మాటలు అన్నారు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో తన తరగతి 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఆ ఇంటివాళ్లు ఏ దేవుణ్ణి మొక్కుతారనేది మనకు అనవసరం. బళ్లో పరిగెత్తుతుంటే చూసి, ఈ పిల్ల పనికొస్తుంది అన్నవాళ్లు ఉన్నారు. లోకులు ఏమన్నా బిడ్డను వదలని తల్లిదండ్రులు ఉన్నారు. మనకు కావాల్సిన పోలిక అంతవరకే.

సంఘంలో పనిచేసే తమ్ముళ్లకు ఒక మాట. చర్చిని మన కూటాలకు బయట పెట్టొద్దు. 1985లో కారంచేడు నుంచి తరిమేసిన మన వాళ్లు చీరాలలో తలదాచుకున్నది చర్చి ఆవరణలోనే. ఆ శిబిరంలోనే మన ఉద్యమం నిలబడింది. అక్కడ ప్రార్థనా జరిగింది, నినాదమూ పుట్టింది. మన పాస్టర్లలో బస్సు ఎక్కించేవాళ్లు ఉండారు, చాప మీద పడుకోబెట్టేవాళ్లూ ఉండారు. మొదటివాళ్ల చెయ్యి పట్టుకోండి. రెండోవాళ్లతో వాదన పెట్టుకోండి, బైబిలు తెరిచే వాదించండి.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. వచ్చే ఆదివారం ఆరాధన అయినాక ఎవరి చర్చి మెట్ల మీద వాళ్లు ఒక అరగంట కూర్చోండి. వాడలో ఆటల్లో దెబ్బ తగిలి ఇంట్లో కూర్చున్న పిల్లలు ఎవరు, ఎన్ని నెలలయింది, డాక్టరు చూసినాడా లేదా, ఇది రాయండి. పోలియో వచ్చి క్యాలిపర్ అరిగిపోయిన పెద్దోళ్లు ఉంటే వాళ్ల పేర్లూ రాయండి. కానుకల పెట్టెలోంచి నెల్లూరు బస్సు ఛార్జీలకు ఎంత తీయొచ్చో సంఘ పెద్దల్ని అడిగి, ఏమన్నారో అదీ రాయండి. పిల్లను ఒంటరిగా పంపొద్దు, ఇద్దరు పెద్దోళ్లు తోడు పోవాలి, అందులో ఒకరు ఆడమనిషి అయ్యుండాలి. ఆస్పత్రిలో చీటీ దగ్గర, స్కానింగు దగ్గర మాట్లాడేందుకు మాలో ఒకరం వస్తాం. బడికి సెలవు పెట్టుకుంటాం. ఉదయగిరి వాళ్లు ముందుగా చెప్పండి, మీకు మొదటి బస్సు తప్పితే ఓపీ అందదు.